రెండు సున్నాలు

మాది ఆళ్ళగడ్డ. మా వీధిలో కోడికంటే ముందు ఉలి కూస్తాది. లేచినకాడ్నుంచి టకటక టకటక, రాళ్ళు చెక్కుతానే ఉంటారు. ఇంత బండ తెస్తారు, అది దేవుడో ఏనుగో అయ్యేసరికి సగం పొడై గాల్లో కలిసిపోతాది. యాభై ఏండ్లు వచ్చేదాకా నాకు తెలిసింది ఒకటే. రాయి తరుగుతాది. పెరిగే రాయనేది లేదు.

అట్లాంటిది నంద్యాలలో టీచరమ్మ ఇంట్లో, అద్దాల తొట్టిలో, రాయి పెరుగుతాంటే చూసినా. ఈ కండ్లతోనే చూసినా. ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు లేస్తాది. "మెల్లగ చెప్పు మే, నా చెయ్యి అందుకోవద్దా" అంటాది టీచరమ్మ. నేను చెప్తాండా, ఆయమ్మ రాస్తాండాది. నాకు అంకెలొస్తాయి, బస్సు బోర్డు కూడబలుక్కుంటా, సంతకం పెడతా. అంతకు మించి రాదు.

మా ఇంటాయన సున్నం కొట్టేటోడు. ఎవురింట్లో పెండ్లన్నా, పేరంటమన్నా ముందు ఈయప్పకే కబురు. ఇనప డ్రమ్ములో సున్నపురాయి వేసి నీళ్ళు పోస్తే, కింద మంట లేకుండానే కుతకుత ఉడుకుతాది. ఆయన చేతులు ఎప్పుడూ పగిలి తెల్లగ ఉండేవి. ఆయన పోయినాక డ్రమ్ము పెరట్లో ఉండిపాయ, నేను పనికి బయల్దేరితి. పొద్దున మొదటి బస్సుకు నంద్యాల పోతా. టీచరమ్మకు వంటచేసి, బోకులు తోమి, మాపటేల బస్సుకు తిరిగొస్తా. టీచరమ్మ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. పెండ్లి చేసుకోలే. ఆదివారం చర్చి, తక్కిన ఆరు దినాలూ తొట్టి. అదీ ఆయమ్మ లోకం.

ఆ తొట్టికి ఆరు బిందెల నీళ్ళు పడతాయి. ఉప్పు నీళ్ళు. సముద్రం యాడుండాది, నంద్యాల యాడుండాది! ప్యాకెట్ల ఉప్పు తెప్పించి, నీళ్ళల్లో కలిపి, ముందర గదిలో సముద్రాన్ని పెట్టుకుండాది. రెండు నారింజరంగు చేపలు, వాటికి తెల్ల పట్టీలు. నడుమ ఒక పువ్వు. పచ్చగ, వేళ్ళు వేళ్ళుగా ఊగుతా, ఒక్కో వేలి కొస సుత్తి తల మాదిరి. అచ్చం మా వీధోళ్ళ చేతుల్లో ఉండే సుత్తే. పువ్వుకేమో ఒకే కొమ్మకు రెండు తలలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఇదేం పువ్వుమా? నీళ్ళల్లో కుళ్ళిపోదా?" అని అడిగినా మొదటి దినం.

"పువ్వు కాదు మే. పగడాల జాతి. ప్రాణముండే జీవి."

"జీవైతే కాళ్ళేవి?"

"కాళ్ళు లేవు, ఇల్లుండాది. కింద తెల్లగ రాయి మాదిరి కనపడతాండాదే, అది ఎవరూ తెచ్చి పెట్టింది కాదు. అదే కట్టుకుంటాది."

"దేంతో కట్టుకుంటాది?"

"సున్నంతో."

నేను చీపురు కింద పడేసినా. సున్నంతోనా! మా ఇంటాయన జన్మంతా గోడలకు పూసిన సున్నంతో, ఇంత మెత్తటి పురుగు, చప్పుడు లేకుండా, సుత్తీ ఉలీ లేకుండా, రాయి కడతాదంట! ఆ పొద్దు బోకులు రెండు గంటలు ఆలస్యంగ తోమినా. టీచరమ్మ ఒక్క మాట అనలే.

ఆ దినం నుంచి నాకు తొట్టి పిచ్చి పట్టింది. టీచరమ్మకు కూడా చెప్పేదానికి ఒక మనిషి దొరికింది. సున్నం ఒక్కటే చాలదంట. నీళ్ళల్లో సోడా బలం కూడా ఉండల్లంట. దానికి ఆల్కలినిటీ అని పేరు. నా నోటికి అది తిరగలే, సోడా అనే అనుకున్నా. సున్నమూ సోడా రెండూ కలిస్తేనే పువ్వుకు రాయి తయారయ్యేది. ఒకటి ఎక్కువై ఇంకోటి తక్కువైతే పువ్వు ముడుసుకుంటాది. రెండూ ఎక్కువైతే నీళ్ళల్లోనే రాయి పొడై రాలిపోతాది, పువ్వుకు దక్కదు.

"అర్థమైందా?" అనింది.

"ఇందులో అర్థం కానిదేముందిమా, వక్కాకే కదా!" అన్నా. "ఆకూ వక్కా ఎంత ఉంటే అంతకు తగ్గ సున్నం. తగ్గితే నోరు పండదు. ఎక్కువైతే నోరు పొక్కుతాది."

టీచరమ్మ నన్ను అట్లే చూసింది. "ముప్పై ఏండ్లు బోర్డు మీద రాసి చెప్పినా, ఇంత బాగా ఒక్కరూ చెప్పలేదు మే" అనింది. ఆ మాటకు ఆళ్ళగడ్డ దాకా బస్సులో నిలబడి పోయినా కాళ్ళు నొయ్యలే.

చుక్కలు లెక్కబెట్టడం కూడా నేర్పింది. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తా పోవల్ల. సోడాకైతే నీళ్ళు నీలంగా మొదలై పసుపు తిరగల్ల. ఎనిమిది తొమ్మిది చుక్కలకు తిరిగితే మంచిది. సున్నానికైతే గులాబి రంగు నీలంగా మారల్ల, ఇరవై ఇరవై ఒకటికి. వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకునేదాన్ని. ఆ రంగు తిరిగే ఘడియ ఉండాదే, పదిసార్లు చూసినా పదిసార్లూ నాకు ఒళ్ళు జల్లుమంటాది. ఒక్క చుక్క ముందు గులాబి, ఒక్క చుక్క వెనక నీలం. ఎవురో లోపల దీపం మార్చినట్లు!

చుక్కల లెక్క చూసి రెండు సీసాల్లోంచి పోస్తాము, సున్నం సీసాలోంచి ఇన్ని మూతలు, సోడా సీసాలోంచి ఇన్ని మూతలు. ఇవి కాకుండా ఒక జాడీలో సున్నపు తేట ఉంటాది. ఎండకు తొట్టి నీళ్ళు ఇగిరిపోతాయి గదా, వాటి బదులు ఆ తేట సన్న గొట్టంలోంచి చుక్కా చుక్కా పడతా ఉంటాది. "పైన తేటే, కింద తెలుపు కదలకూడదు" అని చెప్పబోయింది టీచరమ్మ. "అది నాకు చెప్పాల్నామా? మా ఇంటాయన డ్రమ్ము కాడ ఇరవై ఏండ్లు నిలబడినా" అన్నా.

ఆ గర్వమే నన్ను ముంచింది. చెప్తా.

టీచరమ్మకు మోకాలి ఆపరేషను పడింది. కర్నూలులో చేయించుకోని, ఆడనే చెల్లెలింట్లో మూడు వారాలుండల్ల. తొట్టిని ఎవరికి అప్పగించేది? చేపల అంగడాయన్ని పిలుద్దామనింది. నేను అడ్డం పడినా.

"నేనుండంగ వాడెందుకు?"

"నీకు చదువు రాదు కదే."

"చుక్కలకు చదువెందుకుమా, లెక్కొస్తే చాలదా?"

నవ్వింది. కొంచేపు తొట్టి వైపు చూసి, "సరే. నేనొచ్చేసరికి ఇది బాగుంటే చిన్నతల నీది. కోసిస్తా. నా పాత తొట్టి కూడా తీసుకుపో" అనింది.

నాకు జనం పాత చీరలిచ్చినారు, మిగిలిన కూరలిచ్చినారు. పెరిగేదాన్ని ఎవరూ ఇచ్చింది లేదు. ఆళ్ళగడ్డలో, రాళ్ళు తరిగే వీధిలో, నా ఇంట్లో ఒక రాయి పెరగబోతాండాది! చిన్నతలకు నేను ఆ పొద్దే మనసులో బొట్టు పెట్టేసినా.

పదకొండు దినాలు బాగా జరిగింది. పొద్దున చుక్కలు లెక్కబెట్టి ఫోన్ చేస్తా, టీచరమ్మ మూతలు చెప్తాది, పోస్తా. పన్నెండో దినం సోడా పది, సున్నం ఇరవై నాలుగు. రెండూ ఎక్కువే. ఫోన్ చేసినా. అవతల గొరగొర.

"సోడా పది, సున్నం ఇరవై నాలుగుమా!"

"...నాయి మే. ఈ పొద్దు రెండూ సున్నా."

"ఏందీ?"

"సున్నా! రెండూ సున్నా!"

"రెండు సున్నమా?"

"ఆఁ, అంతే. కాలు వంచేటాయన వచ్చినాడు, పెట్టేస్తాండా."

ముందర 'ఎక్కువై' అనే ముక్క నా చెవిన పడింటే తెలిసేదేమో. పడలే. రెండు సున్నం అంటే ఏందబ్బా అని ఆలోచన చేసినా. సీసాలైతే మూతలు అంటాది. సున్నం అనింది కాబట్టి తేట. రెండు అంటే రెండు చెంబులు! చుక్కలుగా పోసేదాన్ని చెంబులతో పొయ్యమంటాదా అని ఒక్క ఘడియ అనిపించింది. పంతులమ్మ చెప్పింది, ఆపరేషనైన మనిషి, మళ్ళీ ఎట్ల అడుగుదు? పైగా సున్నం సంగతి నాకు తెలీదా అని ఒక పొగరు. కింద తెలుపు కదలకుండా, చాలా పద్ధతిగా, రెండు చెంబుల తేట ముంచి తొట్టిలో పోసేసినా.

పోసిన చోట తెల్లగ పొగ లేచింది. తర్వాత తొట్టంతా పాలు! చేపలు కనపడవు, పువ్వు కనపడదు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే రెండు చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాండాయి. పువ్వు వేళ్ళన్నీ లోపలికి లాక్కోని పిడికిలి బిగించింది.

ఫోన్ చేసినా, ఎత్తలే. మళ్ళా చేసినా, ఎత్తలే. అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. ట్యూషన్‌కొచ్చే పిల్లోళ్ళకు టీచరమ్మ ఒకసారి చూపించింది. గ్లాసులో సున్నపు తేట, దాంట్లో గొట్టం పెట్టి ఊదితే పాలైతాది. ఆపకుండా ఇంకా ఊదితే, ఆ పాలు మళ్ళా తేటైతాది. నేను వంటింట్లోంచి చూసినా. ఇంకేముంది, చేపలకు గాలి పోసే పైపు పీకి నోట్లో పెట్టుకోని ఊదినా. ఊదినా, ఊదినా, కండ్ల ముందర చుక్కలొచ్చేదాకా ఊదినా. నా ఊపిరి యాడ, ఆరు బిందెలు యాడ!

ఫోన్ మోగింది.

"ఏమ్మే, ఇన్నిసార్లు చేసినావు?"

"టీచరమ్మా, పాలైపాయ!"

"ఏం పాలు? విరిగినాయా?"

"తొట్టి పాలైపాయ! రెండు సున్నం పొయ్యమంటివి కదా, పోసినా!"

"సున్నా అన్నా మే! సున్నా! గుండు సున్నా! ఏమీ వెయ్యొద్దని! బడిలో చదవనోళ్ళకు వేస్తామే, అది!"

"నేను బడికి పోయింటే కదమ్మా ఆ సున్నా తెలిసేది!"

ఏడుపొచ్చేసింది నాకు. టీచరమ్మ గొంతు తగ్గించింది. "సరే, సరే. ఇప్పుడేం చేస్తాండావ్?"

"పైపుతో ఊదుతాండా."

"ఊదుతాండావా? ఎవరు చెప్పినారు?"

"నువ్వే. పిల్లోళ్ళకు చూపిస్తివి కదా, ఊదితే పాలు, ఇంకా ఊదితే తేట అని."

"ఓమ్మా!" అని అరిచింది కర్నూలులో. "సరైన దావలోనే ఉండావు మే! నీ ఊపిరిలో ఉండే గ్యాసే కావల్ల దానికి. నీ ఊపిరొక్కటే చాలదు. బేగా పోయి సోడా తెచ్చి పొయ్యి."

నేను కాలు బయట పెట్టబోయి ఆగినా. ఒకసారి కాలింది కదా.

"ఆగుమా. ఏ సోడా? వంట సోడానా, చాకలి సోడానా, మన సీసాలో సోడానా?"

"గోళీ సోడా! కొట్టి తాగేది!"

"ఉప్పు?"

"వద్దు. నిమ్మకాయా వద్దు, చక్కెరా వద్దు. ఉత్త సోడా, మూడు."

"ఇంకోసారి చెప్పు."

చెప్పింది. మళ్ళా చెప్పించుకోని, ఆ మూడు మాటలే జపం చేసుకుంటా సందు చివర సోడాబండి కాడికి పరుగెత్తినా.

"మూడు ఉత్త సోడాలు ఇయ్యప్పా, కొట్టద్దు, నేనే కొట్టుకుంటా."

"ఏంకా, అంత అరక్కపోయిందా?"

"నాకు కాదు."

"ఇంకెవురికి?"

"పువ్వుకు."

"పువ్వుకు అజీర్తా!" అని బండి కాడుండే నలుగురికీ వినపడేట్లు అరిచినాడు.

"సున్నం ఎక్కువ తినిందప్పా, నీ ఎకసెక్కాలు మాపటికి పెట్టుకో, ముందు ఇయ్యి!"

మొదటి సీసా గోళీ దించితే బుస్సుమని సగం నా చీర మీద పడింది. తక్కినవి నీళ్ళు తిరిగే మూల మెల్లగ, గ్లాసు గ్లాసుగా పోసినా. పోసి ఆగడం, పోసి ఆగడం, ఫోన్లో టీచరమ్మ "ఇప్పుడెట్లుంది? ఇప్పుడెట్లుంది?" అంటానే ఉండాది. చీర మీద పోయిందానికి బదులు ఇంకోటి తెచ్చినా. మూడోది పోసినాక చేపలు నోళ్ళు మూసి కిందికి దిగినాయి. మద్యాన్నానికి తొట్టి వెనకుండే గోడ అద్దంలోంచి కనపడింది. కింద రాళ్ళ మీద తెల్లగ పొడి పేరుకుండాది, మా వీధిలో అరుగుల మీద పేరుకున్నట్లే. రాయి కావల్సిన సున్నం ఉత్త పొడై రాలిపాయ. చుక్కలు వేసి చూస్తే సోడా పది పోయి ఏడుకు దిగింది.

అదంతా ఒకెత్తు, పువ్వు ఒకెత్తు. మూడో దినానికి పెద్దతల తెరుసుకుంది. చిన్నతల తెరుసుకోలే. నాది! నాకిస్తానన్న తలే పిడికిలి బిగించి కూచుండాది. టీచరమ్మ ఊతకర్ర పట్టుకోని వచ్చేనాటికీ అట్లే ఉండాది. కుర్చీ లాక్కోని చానాసేపు చూసింది.

"పోయినట్లేనామా?"

"పోయింటే కండ ఊడిపోయి ఉత్త ఎముక తేలుతాది. ఊడలే. అలిగిందంతే."

"నా మీదనే అలిగింది."

"తెరుసుకునేదాకా కొయ్యను. తెరుసుకుంటే నీదే. నేను మాట తప్పను, నువ్వు సున్నం తప్పద్దు."

అప్పుడే ఇంకొక ఒప్పందం చేసుకున్యాం. ఈ ఇంట్లో ఇంక సున్నా అనే మాట పలకకూడదు. ఏమీ వెయ్యొద్దంటే 'గుడ్డు' అనల్ల. బడిలో పిల్లోళ్ళు పరీక్షలో గుడ్డొచ్చింది అంటారంట. గుడ్డును నేను సున్నమని ఎప్పుడూ అనుకోను కదా!

ఇంక చూడండి, పొద్దున పొద్దున మా మాటలు. "సోడా ఒక మూత, సున్నం గుడ్డు." "సోడా గుడ్డు, సున్నం అర మూత." అప్పటికీ ఏడు దాటని సోడాను ఎనిమిదికి తెచ్చేదానికి నాలుగు దినాలు పట్టించింది టీచరమ్మ. "బేగా పోసేయొచ్చు కదా" అంటే, "ఆకలైనోనికి ఒక్కసారిగా కుండ కూడు పెడతావా?" అనింది. వక్కాకు పోలిక నాదైతే, కూడు పోలిక ఆయమ్మది!

ఒక మంగళవారం గొట్టంలో సున్నం చుక్కలు వేస్తాండా. పదిహేడు, పద్దెనిమిది. ఎందుకో తలెత్తినా. చిన్నతల అంచులోంచి ఒక పచ్చటి కొస, గోరంత, బయటికొచ్చి ఊగుతాండాది. దాని తల చిన్న సుత్తి! నేను చూస్తాండంగానే ఇంకోటి!

"టీచరమ్మా! టీచరమ్మా! లెయ్యి! తెరిసింది!"

ఊతకర్ర మరిచిపోయి వచ్చింది ఆయమ్మ. ఇద్దరం అద్దం ముందర పిల్లోళ్ళ మాదిరి చేతులు పట్టుకున్యాం.

"లెక్క ఎంతకొచ్చింది?" అనింది.

"లెక్కా లే గిక్కా లే, మళ్ళా మొదట్నుంచి వేస్తా!"

నెలకు చిన్నతల బాగా విప్పారింది. కోసేదెవరని టీచరమ్మ అంటే, ఆళ్ళగడ్డదాన్ని పక్కన పెట్టుకోని రాయి కోసేటోని కోసం వెతుకుతావా అన్నా. మా వీధిలో శిల్పి ఒకాయన, నాకు మరిది వరస, సన్న రంపం గుడ్డలో చుట్టుకోని నాతో బస్సెక్కినాడు. కొమ్మను నీళ్ళల్లోంచి తీసి తడిగుడ్డలో పెడితే, అంత మనిషీ రంపం ఆనించి మళ్ళా వెనక్కి తీసినాడు.

"వదినా, దేవుని కండ్లు చెక్కినప్పుడు కూడా నా చెయ్యి వణకలే. ఇది రాయేనా, ప్రాణమా?"

"రెండూనప్పా. రాయి కాడ కొయ్యి, ప్రాణం కాడ తాకద్దు."

రెండు తలల నడుమ, రాయి ఉన్న తావున, నాలుగు లాగులు లాగినాడు. టక్కుమనింది. ఆ తెల్ల పొడి వేలికి రాసుకోని వాసన చూసి, "సున్నమే వదినా!" అన్నాడు, నేను ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినట్లు.

మూత బకెట్లో తొట్టి నీళ్ళు పోసి, చిన్నతలను పెట్టుకోని, ఒళ్ళో బిడ్డ మాదిరి పట్టుకోని ఆళ్ళగడ్డకు తెచ్చుకున్నా. ఇంట్లో రెండు బిందెల పాత తొట్టి వారం నుంచి ఉప్పు నీళ్ళతో తిరుగుతా తయారుగ ఉండాది. మా ఇంటాయన సున్నపు డ్రమ్ము పెరట్లోంచి తెచ్చి, బోర్లించి, దాని మీద మరిది ఇచ్చిన నున్నటి బండ వేసి, ఆ పైన పెట్టినా. వేడెక్కకుండా పైన ఫ్యాను.

మరుసటి పొద్దున బస్సుకు ముందు చుక్కలు వేసినా. సోడా తొమ్మిది. సున్నం ఇరవై ఒకటి. చిన్నతల వేళ్ళన్నీ చాపి ఊగుతాండాది, బయట వీధిలో సుత్తులు, లోపల నీళ్ళల్లో సుత్తులు. ఫోన్ చేసినా. గొంతు లేసింది, ఏం చేద్దు!

"తెరిసిందిమా! తొమ్మిది, ఇరవై ఒకటి! ఏమెయ్యల్ల?"

"నీ తొట్టి, నువ్వే చెప్పు."

చిన్నతల వైపు చూసినా. నోరు పండించిన వక్కాకు మాదిరి, అన్నీ సరిగ్గ ఉండాయి.

"రెండు గుడ్లు టీచరమ్మా!" అని అరిచినా.

వాకిట్లో రాయి నూరతాండే మరిది తల లోపలికి పెట్టినాడు. "వదినా, అంత చిన్నదానికి రెండు గుడ్లు ఎట్ల తినిపిస్తావ్?"